ఎవరిదీ కాని నాలుగో గీత

పుంగనూరులో టమోటా నారు నర్సరీ నడిపే భానుప్రకాశ్‌కు ప్రపంచంలో శత్రువంటూ ఒక్కడే ఉన్నాడు. వాడు అతని నోట్లోనే కాపురముంటాడు.

మదనపల్లెలో జరిగిన రైతుల సమావేశంలో ఆ శత్రువు మళ్లీ దెబ్బ కొట్టాడు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు రైతులంతా ఒకే అదనులో నాటడం వల్ల కాయంతా ఒకేసారి మార్కెట్ మీద పడుతోందని, వంతులేసుకుని నాటాలని భానుప్రకాశ్ వాదన. ఎవరు ఎప్పుడు ఎంత నాటారో చూపే చార్టు కూడా తెచ్చాడు. మూడు ఊళ్లకు మూడు గీతలు, కింద అడ్డంగా తేదీలు. గోడ మీద ఆ చార్టు పడగానే, సొంత పెళ్లి ఫోటో చూసుకున్నట్టు మురిసిపోయాడు.

పుంగనూరు పక్కనున్న సోమల రైతు చెంగల్రాయుడు తల పక్కకు వంచి చూశాడు. "జూలై ఎనిమిదంటే ఏ కార్తెప్పా?"

"పునర్వసు మామా."

"మరి ఆ మాట యాడుండాది ఆడ?"

కుప్పం నుంచి వచ్చిన మునిరత్నమ్మ అందుకుంది. వాళ్ల పల్లెల్లో అరవ నెలలే లెక్క. "మాకు కార్తె కూడా వద్దప్పా. ఆడి, ఆవణి అని ఉంటే సూస్తాము. లేకుంటే ఎవురి పెండ్లిపత్రికో మాకేంటికి?"

మదనపల్లె వాళ్లేమో తేదీలు తీస్తే కుదరదన్నారు. అప్పుడు శత్రువు నోరు తెరిచాడు.

"మూడూ ఒకే చార్టులో పెట్టుకొస్తా. అదెంత పని!"

అంతటితో ఆగినా బాగుండేది. రైతులు ఒప్పుకున్నట్టే అనుకుని, మొదటి వంతుకు నారు కూడా పోసేశాడు. ట్రేల నిండా మొలకలు లేచాయి. ఇక కుప్పంలో జరిగే తర్వాతి సమావేశంలో వాళ్లు కాదంటే ఆ నారంతా ముదిరి దిబ్బకు పోవాల్సిందే.

కుప్పం ప్రయాణానికి ముందు రోజు పొద్దున్నే, బాంబు విప్పబోయే నిపుణుడిలా చొక్కా చేతులు మడిచి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. జనవరి అని కొట్టి కిందికి లాగితే స్ప్రెడ్‌షీట్ తనంతట తానే ఫిబ్రవరి, మార్చి వేసుకుంటూ పోతుంది. అదే నమ్మకంతో ఆరుద్ర అని కొట్టి లాగాడు. ఏడాది పొడవునా ఆరుద్రే వచ్చింది. నిజంగా అలాంటి ఏడు వస్తే రాయలసీమ కరువు తీరిపోయినట్టే. నిట్టూర్చి, కార్తెలన్నీ చేత్తోనే కొట్టుకున్నాడు.

రెండో అడ్డ అక్షం కూడా పిలవగానే రాలేదు. ముందు ఏదో ఒక గీతను రెండో కొలతకు మార్చాలి, ఆ తర్వాతే పైన అడ్డంగా ఇంకో వరుస పెట్టనిస్తుంది. పుంగనూరు గీతను మార్చాడు. మరుక్షణం పుంగనూరు, మదనపల్లెను దాటి ఆకాశానికెగిరింది. అతని గుండె సొంతూరి గర్వంతో ఒక్కసారి ఉప్పొంగింది కూడా. తీరా చూస్తే కుడిపక్క వేరే కొలత పుట్టుకొచ్చింది. రెండు పక్కలా ఒకే కొలత పెట్టేసరికి అన్నం చల్లారిపోయింది. అయితేనేం, కింద తేదీలు, పైన కార్తెలు!

అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంది. చార్టులో అడ్డ అక్షాలు రెండే. మూడోది ఎంత వెతికినా లేదు.

వెతగ్గా వెతగ్గా ఒక దొంగదారి దొరికింది. ఒక ఉత్తుత్తి గీత పుట్టించాలి. దానికి అన్ని వారాలకూ ఒకే అంకె ఇచ్చి, దాని మీద ఆడి, ఆవణి పేర్లు తగిలించి, చివర్లో గీతను మాయం చేస్తే పేర్లు మాత్రం మిగులుతాయి. సున్నా దగ్గర పెడితే పేర్లు తేదీల మీద పడి కలియబడ్డాయి. అందుకని కాస్త పైకి లేపాడు.

టీ తెచ్చిన భార్య స్వర్ణ తెర వైపు చూసింది. "ఈ పండుకున్న గీతేంది?"

"ఉత్తదిలే. కనపడకుండా సేస్తా."

"మర్సిపోతావు."

"నేనా?" అని నవ్వాడు భానుప్రకాశ్. నవ్వి, మర్చిపోయాడు.

కుప్పంలో ప్రొజెక్టర్ వెలిగింది. అతను గొంతు సవరించుకుని గోడ వైపు తిరిగాడు. మూడు గీతల కింద, గట్టు వేసినట్టు దిట్టంగా, నారింజ రంగులో నాలుగో గీత పడుకుని ఉంది. పక్కన దాని పేరు: సిరీస్ 4.

భానుప్రకాశ్ మౌస్ కోసం తడుముకున్నాడు.

"కార్తె వచ్చిందప్పా," అన్నాడు చెంగల్రాయుడు తృప్తిగా.

"ఆడి ఉండాది, ఆవణి ఉండాది," అంది మునిరత్నమ్మ. "అయితే ఈ సిరీస్ నాలుగు ఎవురప్పా?"

అందరి తలలూ అటు తిరిగాయి. మూడు ఊళ్ల గీతల వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు.

"మనమంతా కోతుల మాదిరి ఎగిరి దూకతాంటే, ఈయప్ప సూడు, ఎగరడు, పడడు."

"కొంచెమే నాటతాండాడు, కానీ నెలనెలా నాటతాండాడు. కాయ పారబోసే కర్మ లేదు వానికి!"

"వాల్మీకిపురమోడు అయ్యుంటాడు," అన్నారెవరో.

అవునంటే సరిపోతుందని శత్రువు గుసగుసలాడాడు. భానుప్రకాశ్ అనబోయాడు కూడా. అంతలో చెంగల్రాయుడు లేచి, "వాని ఫోన్ నెంబరియ్యి భానూ, రేపే పోయి సూసొస్తాము," అన్నాడు.

"వాడు ఎవురూ కాదు మామా," అన్నాడు భానుప్రకాశ్. "నెలల పేర్లు తగిలించేదానికి నేను కొట్టిన కొయ్య. పీకడం మర్సిపోయినా."

గది పగిలేలా నవ్వారు. ఆ నవ్వులో తన ట్రేలన్నీ దిబ్బకు పోతున్నట్టే కనిపించింది అతనికి. మునిరత్నమ్మ మాత్రం నవ్వకుండా గోడ వైపే చూస్తోంది.

"అయితే ఇట్లా నాటేదానికి మనుసులతో కాదా?"

"ఒకరితో కాదక్కా. మూడూర్లూ వంతులేసుకుంటే, అన్నీ కలిపితే ఇట్లనే పండుకుంటాది గీత. నేను సెప్పొచ్చింది అదే."

"అది మొదులే సెప్పి సావొచ్చు కదప్పా! యాల ఇన్ని గీతలు?" అంది మునిరత్నమ్మ. "మేము ఆవణికి ఆగుతాము."

"మేము పునర్వసులోనే," అన్నాడు చెంగల్రాయుడు. మదనపల్లె వాళ్లు ముందుగా, జూన్‌లోనే నాటేస్తామన్నారు. "ఆ నాలుగో వాణ్ణి మాత్రం తీయొద్దు భానూ. ఈ గదిలో బుద్ధున్నోడు వాడొక్కడే," అన్నాడు చెంగల్రాయుడే మళ్లీ.

బయటికొచ్చి భార్యకు ఫోన్ చేశాడు.

"ఒప్పుకున్నారు స్వర్ణా!"

"గీత దాసినావా?"

"మర్సిపోయినా."

"అదీ సంగతి. ఈతూరి ఇంకో రెండు మర్సిపో, ఇంకా బాగుంటాది."

"అదెంత పని!" అన్నాడు భానుప్రకాశ్.