ఫరూఖ్ ఓటు పడేదాక

శుక్రవారం సాయంత్రం అయ్యిందంటే నూరున్నీసా మిద్దె మీది బట్టలు తీసుకచ్చి, బిడ్డ గది తలుపు కాడ నిలవడేది.

"గీ వారం ఏందే? ఎండనా, వాననా?"

నిషాత్ హెడ్‌ఫోన్ ఒక పక్కకు జరిపి, "ఇంకా తెల్వది అమ్మీ, కొట్లాడుతున్నరు" అనేది.

కొట్లాట మ్యాపు గురించి. అది ఐదుగురు కలిసి ఆడే తుపాకుల ఆట. అందరు ఒకప్పుడు జగిత్యాలల ఒకే కాలేజీల చదివినోళ్లే. నిషాత్ ఇప్పుడు కోరుట్లల ఒక ప్రైవేటు బడిల కంప్యూటర్ చెప్తది. శ్రీజ జగిత్యాలల రక్తపరీక్షల ల్యాబుల పని చేస్తది. వేణుకు సిరిసిల్లల బట్ట నేసే మరమగ్గాలు, నాలుగు సాంచలున్నయి, పొద్దంత వాటి చప్పుడులనే ఉంటడు. ప్రేమ్‌కుమార్‌ది ఇబ్రహీంపట్నం, ఎవుసం. ఐదో మనిషి నిషాత్ వాళ్ల అన్న ఫరూఖ్. గల్ఫుల బిల్డింగుల పని చేస్తడు. ఆయనకు సెలవు శుక్రవారమే గనుక ఆట గూడ శుక్రవారమే.

మ్యాపులు మూడు. ఒకటి ఎడారి, రెండు వాన కురిసే ఓడరేవు, మూడు మంచు ఊరు. ఏ మ్యాపు తెరిస్తే, మల్ల శుక్రవారం దాక ఆ ఐదుగురు ఉన్నకాడ ఆ వాతావరణమే ఉండేది. పక్క గల్లీల ఎండ కొడుతున్నా నిషాత్ వాళ్ల గల్లీల వాన పడేది. పాలాయన మలుపు తిరుగంగనే గొడుగు విప్పేటోడు, గల్లీ దాటంగనే ముడిచేటోడు.

ఎండాకాలం వచ్చేసరికి కొట్లాట ముదిరింది. ప్రేమ్‌కుమార్ యాసంగి వడ్లు కోసి కల్లంల పోసిండు, ఆయనకు ఎడారి కావాలె. గాలి పొడిగుంటే సాంచల మీద పోగులు ఊకె తెగుతయి, వేణుకు ఓడరేవు కావాలె. శ్రీజకు వానంటే ఇష్టం, అంతే. ప్రేమ్‌కుమార్ గొంతు పెద్దది. ఎక్కువసార్లు ఎడారే అయ్యేది. ఫరూఖ్ ఏమంటున్నడో ఎవరికీ సమజయ్యేది కాదు. కూలీలుండే క్యాంపుల నెట్టు సక్కగ రాక, ఆయన మాట ముక్కలు ముక్కలై, అందరు మాట్లాడుడు అయిపోయినంక వచ్చేది.

"ఇట్ల లాభం లేదు" అని నిషాత్ ఒక ఆదివారం కూసుండి ఆటకు చిన్న స్క్రిప్ట్, అంటే ప్రోగ్రాం, రాసింది. ఆట మొదలయ్యే ముందు తెర మీద మూడు పేర్లు వస్తయి. ఎవలకు కావాల్సిన నంబరు వాళ్లు ఒత్తాలె. అర నిమిషమైనంక దేనికి ఎక్కువ ఓట్లు పడితే ఆ మ్యాపు తెరుసుకుంటది.

రెండు వారాలు సప్పుడు లేకుంట నడిచింది. ఒకసారి వాన, ఒకసారి ఎండ. మూడో వారం ఫరూఖ్ ఫోన్ చేసిండు.

"నా ఓటు పడ్తలేదు నిషాత్. నేను ఒత్తేసరికి మీకాడ టైం అయిపోతున్నది."

"నువ్వు ఏది ఒత్తుతున్నవు భయ్యా?"

"మూడు."

మంచు ఎందుకని ఆమె అడగలే. ఆయన మాట ఎండిపోయి వస్తున్నది. ఎడారి గెలిచిన వారం ఆయనకు ఎండ మీద ఎండ. నెత్తి తిరుగుతున్నదని, మూత్రం ఎర్రగ వస్తున్నదని మెల్లగ చెప్పిండు. క్యాంపు డాక్టర్ కిడ్నీలు పైలం అన్నడట.

"అమ్మీకి చెప్పకు. వాళ్లకు గూడ చెప్పకు. ఎవల బతుకు వాళ్లది, నా కోసం వడ్లు తడుపుకుంటరా?"

నిషాత్ స్క్రిప్ట్ తెరిచింది. అన్న ఓటును రెండు ఓట్ల కింద లెక్క కట్టుమని ఒక్క వరుస రాస్తే చాలు, ఎవరికీ తెల్వది. రాసింది. దాని దిక్కు సూసింది. మల్ల చెరిపేసింది. దాని బదులు టైం తీసేసింది. ఐదుగురూ ఒత్తేదాక మ్యాపు తెరుసుకోదు. అప్పటిదాక ఎవలైనా తమ ఓటు మార్చుకోవచ్చు.

ఆ శుక్రవారం ప్రేమ్‌కుమార్ ఒకటి ఒత్తిండు. వేణు, శ్రీజ రెండు ఒత్తిన్రు. నిషాత్ మూడు ఒత్తింది. ఫరూఖ్ పేరు పక్కన ఖాళీగ ఉన్నది.

"ఏందిరా ఫరూఖ్, పండుకున్నవా?" ప్రేమ్‌కుమార్ పిలిచిండు.

అందరు లేచి చాయ్ తాగి వచ్చిన్రు. అయినా ఖాళీనే.

"నిషాత్, ఆ టైమే మంచిగుండె" అన్నడు వేణు. "మల్ల పెట్టరాదు?"

"పెట్టను" అన్నది నిషాత్.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. అన్న గదిల ఉండే అన్వర్. పనికాడ మధ్యాహ్నం ఫరూఖ్ పడిపోయిండట. దవఖానల సెలైన్ ఎక్కిస్తున్నరట. ఇప్పుడు మెలకువ వచ్చింది, ఓటెయ్యనీకి ఫోన్ అడుగుతున్నడు అన్నడు.

"శుక్రవారం పనికి ఎందుకు పోయిండు?"

"పిలిచిన్రు. పోయిండు."

నిషాత్ హెడ్‌ఫోన్ సర్దుకున్నది. కిడ్నీల సంగతి, మూడో నంబరు సంగతి అంతా చెప్పింది. అటు పక్క సిరిసిల్ల నుంచి సాంచల చప్పుడొక్కటే వినవడుతున్నది.

"ముందుగాల ఎందుకు చెప్పలే?" అన్నది శ్రీజ. ఆమె గొంతుల కోపం ఉన్నది.

"వద్దన్నడు."

కొద్దిసేపటికి ఫరూఖ్ పేరు పక్కన మూడు పడింది. వెంటనే మ్యాపు తెరుసుకోవాలె. కానీ ఓడరేవుకు రెండు, మంచుకు రెండు. స్క్రిప్ట్ ఆగింది. సమానమొస్తే ఏం చెయ్యాల్నో నిషాత్ దానికి రాయలే.

శ్రీజ రెండు తీసి మూడు ఒత్తింది. వేణు గూడ మార్చిండు.

"సాంచలకు ఏదో ఒకటి చేస్త" అన్నడు.

గెలుపు అయిపోయింది. అయినా ప్రేమ్‌కుమార్ ఒకటి గూడ మూడయ్యింది.

"వడ్ల మీద టార్పాలిన్ పట్టాలు కప్పుత. మనిషికి ఏం కప్పాలె?" అన్నడు.

ఆ రోజు ఎవలూ ఆడలే. మంచు ఊరు మ్యాపు తెరిచి అట్లనే వదిలేసిన్రు.

ఎండాకాలమంత ప్రతి శుక్రవారం ఐదు మూళ్లు పడ్డయి. కోరుట్ల గల్లీల మే నెలల నూరున్నీసా శాలువ కప్పుకొని వాకిలి ముందటి మంచు ఊడ్చేది. ప్రేమ్‌కుమార్ వడ్లను కల్లంల నుంచి అక్క ఊరికి తీసుకపోయి ఎండవెట్టిండు. కొన్ని మొలకలెత్తినయి. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలే, శ్రీజ వేరేకాడ విన్నది. వేణు సాంచల షెడ్డుల కట్టెల పొయ్యి పెట్టుకొని, చేతులు కాపుకుంట నూలు ముడులు వేసిండు.

అక్కడ ఫరూఖ్ పనిచేసే అంతస్తు మీద మాత్రమే మంచు పడేది. ముందు అన్వర్ ఆయన పక్కకు వచ్చి పని చేసిండు. తర్వాత ఇద్దరు నేపాలీలు వచ్చిన్రు. సూపర్‌వైజర్ చూసి, ఏమనకుంట, నెత్తి తిరిగిన మనిషినల్లా ఆ అంతస్తుకు పంపుడు మొదలువెట్టిండు.

దసరా ముందట ఒప్పందం అయిపోయి ఫరూఖ్ వచ్చిండు. జగిత్యాల బస్టాండుల ఆయనతోటి గల్ఫు నుంచి వచ్చి దిగినోళ్లందరు ఎండకు కమిలిపోయి ఉన్నరు. ఫరూఖ్ స్వెటర్ వేసుకున్నడు. పెదవులు చలికి పగిలినయి. నిషాత్ ఆయనను నేరుగ శ్రీజ ల్యాబుకే తోలుకపోయింది. శ్రీజ రక్తం తీసి, రిపోర్టు వచ్చేదాక ఇద్దరినీ బెంచీ మీద కూసోవెట్టింది. బయటికి వచ్చి కాయిదం ఆయన చేతుల పెట్టింది.

"కిడ్నీలు మంచిగున్నయి. నీళ్లు తాగు, అంతే."

ఆ శుక్రవారం ఫరూఖ్ చెల్లె పక్కనే కుర్చీ వేసుకొని కూసున్నడు. తెర మీద మూడు పేర్లు వచ్చినయి. అలవాటు చొప్పున నలుగురూ మూడు ఒత్తిన్రు. ఆయన చెయ్యి కీబోర్డు మీద ఆగింది.

"ప్రేమ్, వరి కోసినవా?"

"అక్క ఊర్ల నాటింది నిన్ననే కోసి మా కల్లంల పోసిన. ఎందుకు?"

"నేనైతే ఒకటి ఒత్తుత" అన్నడు ఫరూఖ్. ఒక్కొక్కరే మార్చంగ నాలుగు మూళ్లు ఒకట్లయినయి, ఆఖరికి ఆయన గూడ ఒకటి ఒత్తిండు. కిటికీల నుంచి ఎండ వచ్చి ఆయన మోకాళ్ల మీద పడ్డది. ఫరూఖ్ స్వెటర్ విప్పి కుర్చీకి వేసి, వెలుతురుల అట్లనే కూసున్నడు.