పైగదిలో మిరపకాయలు

ఇవాళ కూడా పొద్దున లేచిన దగ్గర్నుంచీ సుబ్బరావమ్మ అరుస్తూనే ఉంది. ప్రత్తిపాడులో ఆ వీధి వీధంతా విన్నది, వినాల్సిన మనిషి మాత్రం వినలేదు. ఆమె మొగుడు చెంచురామయ్య వరండాలో కుర్చీ వేసుకుని, నిమ్మకు నీరెత్తినట్టు టీ తాగుతూ ఫోన్లో మిర్చి రేట్లు చూసుకుంటున్నాడు.

"నాలుగింటి బస్సుకి ఆ పిల్ల దిగుతుంది. దిగి ఎక్కడ పడుకుంటుంది? చెప్పవయ్యా, నీ నెత్తి మీదా?"

ఆ పిల్ల పేరు తమందా. ఆఫ్రికాలో మలావీ అనే దేశం నుంచి వ్యవసాయం చదువుకోడానికి వచ్చింది. మిరప తోటల్లో తామరపురుగు మీద పరిశోధన చేస్తోంది. ఆ తోటలు ఈ ఊరి పక్కనే ఉన్నాయని వాళ్ళ ప్రొఫెసరు గారు చెంచురామయ్య మేడ మీద గది మాట్లాడిపెట్టారు. వచ్చిన కొత్తలో పాపం నానా అగచాట్లూ పడింది. వీధిలోకి వస్తే పిల్లలు వెంటపడి జుట్టు ముట్టుకుని చూసేవాళ్ళు. నీళ్ళు ఎప్పుడు వస్తాయో, ఎప్పుడు పోతాయో తెలియక ఒళ్ళంతా సబ్బు నురగతో నిలబడిపోయేది. ఆరు నెలలు తిరిగేసరికి మోటారు తనే వేయడం నేర్చుకుంది, కూరగాయల బండి దగ్గర తెలుగులోనే బేరమాడుతోంది, మొక్కజొన్న పిండితో ముద్ద చేసుకుని సుబ్బరావమ్మ ఇచ్చిన గోంగూర పచ్చడి నంజుకుని తింటోంది.

గదిలో చేరిన మొదటి వారమే వాళ్ళమ్మ వీడియో కాల్ చేసింది. ఆవిడ భాష సుబ్బరావమ్మకి రాదు, సుబ్బరావమ్మ భాష ఆవిడకి రాదు. అయినా ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. చివర్లో సుబ్బరావమ్మ గుండె మీద చెయ్యేసుకుని, "మీ పిల్లకి నేనున్నాను, మీరు దిగులు పెట్టుకోకండి" అంది. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. అర్థమయ్యే తుడుచుకుంది.

అలాంటి పిల్ల తోటల సర్వేకని సింగరాయకొండ వైపు వెళ్ళి ఎనిమిది రోజులైంది. నాలుగు రోజుల క్రితం ఆకాశం నల్లగా మూసుకొచ్చింది. మిర్చి యార్డుకి వేసవి సెలవులు, కోల్డ్ స్టోరేజీల్లో కాలు పెట్టడానికి చోటు లేదు. కళ్లంలో ముప్పై రెండు బస్తాల మిరపకాయలు ఉన్నాయి. చెంచురామయ్య ట్రాక్టరు డ్రైవరు కోటేష్‌ని పిలిచి, ఆ బస్తాలన్నీ తెచ్చి తమందా గదిలో పైకప్పు దాకా పేర్పించాడు. ఆ పిల్ల మంచం, పుస్తకాలు, బట్టలు, పొయ్యి అన్నీ మేడ మీద రేకుల కింద పడేయించాడు. మబ్బు వచ్చినట్టే వచ్చి పోయింది. బస్తాలు మాత్రం కదలలేదు.

"పది రోజులాగితే రేటు లేస్తుందే," అన్నాడు చెంచురామయ్య. "అందాకా రేకుల కింద సర్దుకుంటుందిలే. ఎండాకాలం గదా, గాలి బాగా తగుల్తది."

సుబ్బరావమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"వయసులో ఉన్న ఆడపిల్ల ఆరుబయట పడుకోవాలా? కింద ఇంత హాలుంది, అందులో పెట్టుకోలేకపోయావా?"

"హాల్లో పెడితే వచ్చేపోయేవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు?"

"మన ఏసీ గదుందిగా?"

"ఘాటుకి నిద్ర పడుతుందా?"

"ఓహో! నీ ముక్కే ముక్కు, ఆ పిల్లది ముక్కు కాదు! మన హారిక హైదరాబాదులో చదివేటప్పుడు హాస్టలోడు మంచం కిటికీ దగ్గర్నుంచి తీసి గోడ దగ్గరేశాడని కారేసుకుని వెళ్ళి వాడి మీద పడ్డావే, మర్చిపోయావా? ఇవాళ ఈ పిల్ల గదే లేకుండా చేశావు. నీకు సిగ్గనిపించట్లేదా?"

"హారికకి నాన్నని నేనున్నాను, వెళ్ళాను. ఈ అమ్మాయికి ఇక్కడ ఎవరున్నారే? ఎవరొచ్చి అడుగుతారు?"

ఎంత తేలిగ్గా అన్నాడో! గేటు తీసుకుని టీకొట్టు వైపు నడిచాడు కూడా. సుబ్బరావమ్మ చీపురు మూలకి విసిరేసింది. ఎవరూ లేరనేగా ఈ ధైర్యమంతా! ఇదే పైగదిలో బ్యాంకు మేనేజరు కూతురుంటే గుమ్మం తొక్కేవాడా? ఇంకో ముక్క మాట్లాడకుండా కోటేష్‌కి ఫోన్ చేసింది.

"ఒరేయ్ కోటేషూ, నువ్వు పైకి మోసిన బస్తాలన్నీ కిందికి దించాలి. ఇద్దర్ని తీసుకుని ఇప్పుడే రా."

"బాబాయికి తెలుసా పిన్నీ?"

"తెలుస్తుందిలే. నువ్వు రా."

ఇరవై బస్తాలు హాల్లో, సోఫాల మీదా టీవీ ముందూ వేయించింది. మిగిలిన పన్నెండూ ఏసీ గదిలో చెంచురామయ్య మంచం మీదే పేర్పించింది. కోటేష్ నవ్వాపుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఆయన టీకొట్టు నుంచి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి, "నీకేమన్నా పిచ్చెక్కిందా?" అని అరిచాడు. "ఎక్కింది, జరుగు!" అంటూ బకెట్టు నీళ్ళు ఎత్తుకుని మేడెక్కింది సుబ్బరావమ్మ.

గది మూడుసార్లు కడిగింది. కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు ధారలు కడుతున్నాయి, చేతులు భగభగ మండుతున్నాయి. నాలుగోసారి కడుగుతుండగా మెట్ల మీద తుమ్ము వినిపించింది. తమందా గుమ్మంలో నిలబడి ఉంది, భుజాన బ్యాగుతో. రేకుల కింద ఉన్న తన మంచాన్ని చూసింది. దాని మీద కుప్ప పోసిన బట్టల్నీ పుస్తకాల్నీ చూసింది. తడి నేలనీ, గోడ వారగా మిగిలిన ఎర్రటి తొక్కల్నీ చూసింది.

"ఏం జరిగింది ఆంటీ?"

సుబ్బరావమ్మ ఏదీ దాచలేదు. మబ్బు పట్టడం, బస్తాలు ఎక్కించడం, తను దింపించడం అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మధ్యమధ్యలో మొగుణ్ణి తిట్టింది. "ఆ మనిషికి నీతి లేదమ్మా, జాలి లేదు. ఎవరూ లేని పిల్లని ఇలా చేస్తాడా! నేనాయన్ని ఊరికే వదల్లేదు, కావాలంటే కిందికెళ్ళి చూడు."

తమందా అంతా విన్నది. మధ్యలో రెండుసార్లు తుమ్మింది. తర్వాత తలుపు గొళ్ళేనికి వేలాడుతున్న తాళాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"నేను తాళం వేసి వెళ్ళాను ఆంటీ. ఇది పగలలేదు. ఎలా తీశారు?"

నాలుగు రోజులుగా సుబ్బరావమ్మ వీధంతా వినేట్టు అరిచిన అరుపుల్లో ఈ ఒక్క సంగతే లేదు. ఆ వేళ ఆమె పొయ్యి దగ్గరుంది. "పైగది రెండో తాళంచెవి ఇటివ్వు" అన్నాడాయన. ఎందుకని అడగలేదు. పోపు మాడిపోతుందన్న హడావిడిలో మేకుకి ఉన్న తాళంచెవి తీసి వెనక్కి తిరక్కుండానే చేతిలో పెట్టింది. మెట్ల మీద బస్తాలు ఎక్కుతున్న చప్పుడు విన్నాక కూడా స్టవ్వు ఆపి లేచింది కాదు. ఎక్కిన తర్వాతే వచ్చింది ఈ కోపమంతా.

"నేనే ఇచ్చానమ్మా," అంది.

తమందా మంచం దగ్గరికెళ్ళి ఒక్కో పుస్తకం దులిపి పక్కన పెట్టుకుంది. అన్నీ పెట్టుకున్నాక తిరిగి చూసి, "ఈ గదిలోనే ఉంటాను ఆంటీ. నా తోటలు ఇక్కడే. కానీ కొత్త తాళం కొనుక్కుంటాను. తాళంచెవి ఎవరికీ ఇవ్వను. మీక్కూడా," అంది. గొంతు పెంచలేదు, కళ్ళు దించలేదు.

సుబ్బరావమ్మకి చెంప మీద కొట్టినట్టయింది. చేతులు కాలేలా కడిగిన నన్నేనా ఈ మాటంటోంది అని ఒక్క క్షణం చుర్రుమంది. ఆ పిల్ల మొహంలోకి చూస్తే ఆ మాట పైకి రాలేదు. చేతులు కొంగుకి తుడుచుకుని, "పద, కొట్టు తీసే ఉంటుంది," అంది.

షబ్బీర్ హార్డ్‌వేర్ కొట్టు బస్టాండు పక్కనే. షబ్బీర్ నాలుగు తాళాలు బల్ల మీద పెట్టాడు. తమందా అన్నిటిలోకీ బరువైనది ఏరుకుంది. అతను రెండు తాళంచెవులూ వేసి తిప్పి చూసి, అలవాటుగా ఒకటి తమందాకిచ్చి, రెండోది సుబ్బరావమ్మ వైపు చాపాడు.

"ఓనరు దగ్గరొకటి ఉండాల గదా అక్కా."

"ఉండబట్టే ఇంత జరిగింది," అంది సుబ్బరావమ్మ. "రెండూ ఆ పిల్లకే ఇవ్వు షబ్బీరూ."