పాత చక్రాల మాట

మిరుగు నాడు, అంటే మృగశిర కార్తె వచ్చిన రోజు, ఆ ఇంట్లో రెండు పనులు తప్పవు. ఒకటి చేపల కూర, రెండోది బండికి వానకాలం చక్రాలు ఎక్కించడం. రెండూ శ్యాంసుందర్ చేతిమీదుగానే జరుగుతాయని ఖానాపూర్‌లో అతన్ని ఎరిగినవాళ్లందరికీ తెలుసు. నిజమే మరి, చేపలు సంచిలో పట్టుకొచ్చేది అతనే, జాకీ పక్కన నిలబడి ఫోటో దిగేదీ అతనే. మధ్యలో ఉన్నదంతా అతని భార్య నవత చేస్తుంది. ఆ మధ్యలో ఉన్నదానికి పేరంటూ లేదు, పేరు లేని పని ఎంత చేసినా చేసినట్టు కాదు.

ఆ ఆదివారం పొద్దున నవత పెరట్లో కూర్చుని కొర్రమట్టలకు బూడిద పట్టించి బండమీద రుద్దుతోంది. రెండో చేప కోస్తుండగా నెత్తురు కాస్త ఎక్కువే కనిపించింది. చేపదే అనుకుంది. నీళ్లు పోసి కడిగాక చూస్తే తన ఎడమచేతి బొటనవేలు. నొప్పి లేదు. వేలికి పసుపు అద్ది, పాతగుడ్డ పేలిక చుట్టి, మూడో చేప అందుకుంది. ఈమధ్య అన్నీ ఇలాగే ఉన్నాయి. దెబ్బ తగిలిన సంగతి కళ్లతో చూస్తే గానీ తెలియడం లేదు.

"నవతా, జల్ది రా. చక్రం పట్టాలె" అని వాకిట్లోంచి కేక వినిపించింది.

బండికి కాలాన్నిబట్టి చక్రాలు మార్చడం ఖానాపూర్‌లో ఇంకెవరికీ లేదు. ఆ ముచ్చట శ్యాంసుందర్ కువైట్ నుంచి తెచ్చుకున్నాడు. అక్కడ ఎనిమిదేళ్లు ఒక సేటు ఇంట్లో డ్రైవరు. చలికాలం రాగానే ఆ సేటు ఇంటిల్లిపాదినీ తీసుకొని ఎడారిలో గుడారాలు వేసేవాడట. అందుకోసం ఇసుకలో దిగబడని చక్రాలు వేరే ఉండేవట. తిరిగొచ్చి మందుల దుకాణం పెట్టాక, అదేనండీ పురుగు మందులది, శ్యాంసుందర్ ఒక పాత పెద్ద బండి కొన్నాడు. మన దగ్గర ఎడారి లేదు గానీ వానపడ్డ నల్లరేగడి దానికి తాతలాంటిది. చేనుబాట పట్టడానికి లోతు గాడులున్న నాలుగు చక్రాలు కరీంనగర్‌లో సెకండ్ హ్యాండ్‌లో తెచ్చాడు. వానలు వెనుకబట్టాక వాటిని పెరటి వెనుక కొట్టంలో పడేస్తారు. కొట్టంలో బర్రెలు ఉన్నరోజుల్లో పేడ ఎత్తింది నవతే, ఇప్పుడు చక్రాలు దొర్లించేదీ నవతే.

నాలుగింటినీ ఒక్కొక్కటే వాకిట్లోకి దొర్లించుకొచ్చింది. అతను పానాతో బోల్టులు వదులు చేస్తే ఆమె పాత చక్రం లాగి గోడకు ఆనించింది, కొత్తది ఎత్తి అందించింది. పదమూడేళ్ల బిడ్డ లాస్య అరుగుమీద ఫోన్ పట్టుకొని ఫోటోలు తీసింది. ఎడమవైపు వెనుక చక్రం దొర్లిస్తున్నప్పుడే నవత అరచేతికి మెత్తగా తగిలింది. మీటరు పెట్టి చూసింది. ఇరవై రెండు. మిగతా మూడూ ముప్పై దాటాయి. ఎనిమిది నెలలు కొట్టంలో పడి ఉన్న చక్రం, ఎక్కడో సన్నగా కారుతోంది.

"దీంట్ల గాలి తక్కువున్నది. కారుతాంది" అని చెప్పింది.

శ్యాంసుందర్ చివరి బోల్టు బిగించి, బండెక్కి తాళం తిప్పాడు. తెరమీద నాలుగు అంకెలు వెలిగాయి. ముప్పై మూడు, ముప్పై మూడు, ముప్పై రెండు, ముప్పై మూడు.

"ఏది తక్కువ? చూడు, సెట్ అయింది" అన్నాడు.

ఆ అంకెలు నవతకు తెలుసు. పొద్దున చక్రాలు విప్పకముందు కూడా అచ్చంగా అవే ఉన్నాయి. ఆ బండి చక్రాల్లో ఒక్కోదాంట్లో అగ్గిపెట్టెంత సెన్సర్ ఉంటుంది. లోపల గాలి ఎంతుందో అది బండికి చెబుతుంది. చక్రాలు మారిస్తే కొత్త సెన్సర్లను బండికి మళ్లీ పరిచయం చెయ్యాలి. పాత చక్రాలు పక్కనే ఉంటే మాత్రం బండి వాటి మాటే వింటూ కూర్చుంటుంది, అందుకే వాటిని దూరం పెట్టాలి. ఇదంతా బండితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో ఉంది. కొన్న ఏడాది "డిగ్రీ సదివినవ్ గదా, గా పుస్తకంల ఏమున్నదో జర చెప్పు" అని అతనే చదివించాడు. రెండు పేజీలయ్యాక ఆవలించి లేచిపోయాడు. ఆమె మాత్రం చివరిదాకా చదివింది.

"అవి గోడకున్న చక్రాలయి. పాతయి పక్కన ఉంటే బండి వాటినే చూపెడ్తది. ఇవి కొట్టంల పెట్టి మళ్ల సెట్ చెయ్యాలె."

"నీ చెయ్యి ఎక్కువనా, మిషన్ ఎక్కువనా?" అని నవ్వాడు శ్యాంసుందర్. "ఎనిమిదేండ్లు బండ్లల్లనే బతికిన నేను. నువ్వు పుస్తకం సదివి నాకు నేర్పుతవా?"

"రేపు అందరం అంత దూరం పోతున్నం గదా అని చెప్తున్న. ఒక్కసారి మీరు మీటరు పెట్టి చూడుండ్రి."

"ఫికర్ చెయ్యకు. పోయి కూర సంగతి చూడు."

అరుగుమీద బియ్యం ఏరుతున్న అత్తగారు కమలవ్వ తల ఎత్తకుండానే అంది, "మొగోళ్ల పనిల ఏలు పెట్టద్దని ఎన్నిసార్లు చెప్పాలె. ఆడు గాలి కొట్టుకుంటనే పెరిగిండు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినా కనీసం ఊదినవాడికైనా వినబడుతుంది. నవతకు తన మాట తనకే సరిగా వినబడలేదు. పోయి పొయ్యిమీద చింతపండు పులుసు పెట్టింది.

మరునాడు పొద్దున ధర్మపురి పోవాలి. ఆడబిడ్డ కొడుక్కి పుట్టెంట్రుకలు తీయిస్తున్నారు. జన్నారం అడవి దారిన ఎనభై కిలోమీటర్లపైనే. బండిలో లాస్య ఉంటుంది, కమలవ్వ ఉంటుంది. అతను బండి తోలేది నెమ్మదిగా కాదు.

అయినా ఇందులో కొత్తేం లేదు. ఏటా ఇదే తంతు. పోయినేడూ, అంతకుముందు ఏడూ, ఆ పై ఏడూ పాత చక్రాలను ఇలాగే గోడకు ఆనించి వదిలేశాడు. ఏటా అతను చేపలకూర తిని నిద్రపోయాక నవత లేచింది. నాలుగు చక్రాలనూ తనే కొట్టంలోకి దొర్లించింది. గాలికొట్టే మిషన్ తీసి తక్కువున్న దాంట్లో కొట్టింది. బండిలో కూర్చుని, స్టీరింగ్ కింది మీటను దీపం మూడుసార్లు ఆరి వెలిగేదాకా నొక్కిపట్టింది. తెల్లారి అతను దుకాణానికి పోయేసరికి తెరమీద అంకెలు సరిగ్గా కూర్చున్నాయి. సాయంత్రం అరుగుమీద దోస్తులతో, "నేను ఒక్క దెబ్బకు సెట్ చేసిన. షోరూముల ఇచ్చెటోడు ఇయ్యనీ పైసలు" అన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. అప్పుడు టీ గ్లాసులు అందిస్తూ ఆమె కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో ఇప్పుడు అడిగితే చెప్పలేదు.

ఈసారీ అన్నాలయ్యాక అతను నడుం వాల్చాడు. నవత గిన్నెలు తోమి, చేతులు కడుక్కుని, వాకిట్లోకి వచ్చింది. గోడవారనున్న మొదటి చక్రం మీద చెయ్యి వేసింది. బొటనవేలి పేలిక తడిసి ఉంది. తను ఇప్పుడు ఏం చేయబోతోందో ఆలోచించను కూడా లేదు. కాళ్లు వాటంతటవే వచ్చాయి, చేతులు వాటంతటవే పట్టుకున్నాయి. బడిలోనూ అంతే. ఆమె పనిచేసే ప్రైవేటు బడిలో ఎండాకాలమంతా టీచర్లు ఇంటింటికీ తిరిగి పిల్లల్ని చేర్పించుకురావాలి. ఆ నెలలకు జీతం లేదు. ఆమె పందొమ్మిది మందిని తెచ్చింది, అరుణ్‌కుమార్ సార్ ఏడుగురిని. పోయిన శనివారం మీటింగులో శాలువా అరుణ్‌కుమార్ సార్‌కు కప్పారు, మీ అందరి సహకారం ఉందని ఆడటీచర్లకు దండం పెట్టారు. ఆమె చప్పట్లు కొట్టింది. కొడుతున్నప్పుడు ఆ చేతులు ఎవరివో చూస్తున్నట్టు చూసింది. కోపం రావాలి కదా అనుకుంది. రాలేదు. పదిహేనేళ్ల కాపురంలో ఏ రోజు కోపం ఆగిపోయిందో కూడా గుర్తులేదు.

"ఏం చేస్తున్నవమ్మా?" అంది లాస్య, అరుగుమీద పడుకుని ఫోన్ చూస్తూనే.

"చక్రాలు లోపల పెడ్త."

"డాడీ సెట్ చేసిండు గదా. నువ్వు ఊకె శంక పడతవ్. నీకన్నీ భయమే." ఆ మాటలో ఎగతాళి కూడా లేదు, ఎండగా ఉందని చెప్పినట్టు చెప్పింది. "డాడీ చెప్పింది ఎప్పుడన్న తప్పయిందా? పోయినేడు గిట్లనే అన్నవ్. ఏమైంది? ఏం గాలే."

నవత చెయ్యి చక్రం మీదే ఉండిపోయింది.

నిజమే, ఏం కాలేదు. అతను చెప్పింది ఒక్కసారీ తప్పు కాలేదు. బండి సంగతే కాదు. బియ్యం సరిపోతాయన్నాడు, ఆమె తన తల్లిగారింటినుంచి తెప్పించింది, సరిపోయాయి. పిల్లకు జ్వరం అదే తగ్గుతుందన్నాడు, ఆమె బస్సెక్కి నిర్మల్ పోయి చూపించుకొచ్చింది, తగ్గింది. అత్తమ్మ మందులు మరిచిపోదన్నాడు, ఆమె రోజూ చేతిలో పెట్టింది, కమలవ్వ మరిచిపోలేదు. అతను ఒక మాట అని పడుకుంటాడు. ఆమె లేచి ఆ మాటను నిజం చేస్తుంది. పదిహేనేళ్లుగా అతను తప్పు కాకుండా కాపలా కాసింది తనే. అది చూస్తూ పెరిగిన పిల్ల, నాన్నకు అన్నీ తెలుసనీ, అమ్మకు ఊరికే భయమనీ నేర్చుకుంది. ఇంట్లో ఇంకెవరూ నేర్పలేదు. తనే నేర్పింది, చప్పుడు చెయ్యకుండా.

తడిసిన పేలిక కింద బొటనవేలు చిన్నగా సలిపింది. చాలా రోజుల తర్వాత ఒక నొప్పి, చూడకుండానే తెలిసింది. ఈ పిల్ల కూడా రేపు ఎవరో ఒకరి చక్రాలు మధ్యాహ్నం పూట దొర్లిస్తుందన్న ఆలోచన వచ్చి, దాన్ని భరించలేకపోయింది.

చక్రం మీదినుంచి చెయ్యి తీసేసింది. లోపలికి పోయి రేపటి బట్టలు మడత పెట్టుకుంది.

తెల్లారి ఆరింటికి కమలవ్వ ముందు సీట్లో కూర్చుంది. లాస్య వెనుక ఎక్కింది. శ్యాంసుందర్ తాళం తిప్పాడు. గోడవారనున్న చక్రాల సాక్షిగా తెరమీద అవే అంకెలు, ముప్పై మూడు, ముప్పై మూడు, ముప్పై రెండు, ముప్పై మూడు. నవత పట్టుచీరలో వచ్చింది గానీ బండెక్కలేదు. గేటు దగ్గరికి పోయి, గొళ్లెం పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది. ఆమె చేతిలో గాలి చూసే మీటరు ఉంది.

"లాస్యా, దిగు. ఎడమదిక్కు వెనుక చక్రం గాలి ఎంతున్నదో చూసి సదువు."

"మళ్ల మొదలువెట్టింది" అన్నాడు శ్యాంసుందర్. "గేటు తియ్యి. టైం అయితాంది."

"ఆ అంకె సదివినంక తీస్త."

కమలవ్వ అద్దం దించి తల బయట పెట్టింది. "శుభమా అని దేవుని దగ్గరికి పోతుంటే అడ్డం నిలవడుతవా? నీకేమన్న పట్టిందా?"

నవత కూతురి వైపు తిరిగింది. మీటరు పట్టుకున్న చెయ్యి ముందుకు చాపింది, అంతే. లాస్య తండ్రి వైపు చూసింది, తల్లి వైపు చూసింది. మెల్లగా దిగి మీటరు తీసుకుని చక్రం దగ్గర కూర్చుంది. బుస్సుమని కాస్త గాలి పోయింది. పిల్ల మీటరు కళ్లదగ్గర పెట్టుకుంది. మళ్లీ ఒకసారి పెట్టి చూసింది.

"పదహారు" అంది. బండి బరువు మీద పడ్డాక ఆ సన్నటి కారడం రాత్రికి రాత్రే ఎక్కువైంది.

"పదహారేంది? ఇక్కడ ముప్పై మూడున్నది" అని శ్యాంసుందర్ దిగాడు. మీటరు గుంజుకుని తనే చూశాడు. చక్రాన్ని కాలితో తన్ని చూశాడు. కాలికింద అది మెత్తగా నొక్కుకుపోయింది. తలెత్తి గోడవారనున్న నాలుగు చక్రాల వైపు చూశాడు. కాసేపటికి అతనికి సంగతి అర్థమైంది. అర్థమైన మరుక్షణమే కోపం వచ్చింది.

"మరి నిన్ననే చెప్పాలె గదా? తల్లిని, పిల్లను పట్టుకొని పోతున్న. అడవిల పేలితే ఏం గావాలె? తెలిసి కూడ నోరు మూసుకొని కూసున్నవా?"

ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని నవతకు తెలుసు. నోరు తెరిచింది. అంతకంటే ముందే చక్రం దగ్గరినుంచి మాట వినిపించింది.

"చెప్పింది డాడీ." లాస్య లేచి నిలబడలేదు, నేలవైపే చూస్తోంది. "నిన్న చెప్పింది. మీటరు పెట్టి చూడుమని కూడ అన్నది. నేను అరుగు మీదనే ఉన్న."

కమలవ్వ తల లోపలికి తీసుకుంది. శ్యాంసుందర్ చొక్కా చేతులు మడుచుకున్నాడు, విప్పాడు, మళ్లీ మడుచుకున్నాడు. అరుగుకింద చూశాడు, బండి వెనుక తలుపు తెరిచి చూశాడు, కొట్టం దాకా పోయి ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. గాలికొట్టే మిషన్ అతనిదే, కువైట్ నుంచి తన బట్టల మధ్య పెట్టి మోసుకొచ్చిందే.

"మిషన్ ఏడున్నది?" అని అడిగాడు చివరికి.

నవత గేటు గొళ్లెం తీసింది. పట్టుచీర కొంగు దులుపుకుని అరుగుమీద కూర్చుంది. రా అన్నట్టు పక్కన చోటు చూపిస్తే లాస్య వచ్చి ఆనుకుని కూర్చుంది.

"మీ ఇల్లే గదా" అంది నవత. "దేవులాడుకోండ్రి."