పన్నెండు కిలోల సైకిలు

లాభం, రెండు, మూడు, నాలుగు...

తవిటయ్య భుజాన సైకిలు పెట్టుకుని రైలు పట్టాల మీది వంతెన ఎక్కుతున్నాడు. బరంపురం చింతపండు గొడౌన్లో ముప్పయ్యేళ్లుగా కాటా పట్టినవాడు 'ఒకటి' అనడు. మొదటి తూకం ఎప్పుడూ 'లాభం'. ఆ అలవాటు మెట్ల దగ్గర కూడా పోలేదు. ఇరవయ్యో మెట్టు మీద సైకిలు దించి, పొత్తికడుపు మీది ఆపరేషను కుట్టును అరచేత్తో అదుముకున్నాడు. ఇంకా ఇరవై రెండు మెట్లున్నాయి.

బక్క మనిషి. కుడి భుజం మీద సైకిలు కడ్డీ ఒరుసుకుని కాయ కాసింది. రైలు గేటు మూసేసి వంతెన కట్టి రెండేళ్లయింది. చుట్టూ తిరిగొస్తే ఐదు కిలోమీటర్లు. వంతెన కింద తాళం వేసి వదిలితే ఏమవుతుందో ఒక సైకిలు పోగొట్టుకుని తెలుసుకున్నాడు. హెర్నియా కోసిన డాక్టరు పన్నెండు కిలోలకు మించి ఎత్తొద్దన్నాడు. ఈ సైకిలును గొడౌను కాటా మీద పెడితే ఇరవై మూడు తూగింది. బస్తాలు మోయడానికి హమాలీలున్నారు, తను చూసేది ముల్లు మాత్రమే. పని పోతే ఈ సైకిలు మూలానే పోవాలి. "రోజూ ఆలీసమైతే ఇంకోర్ని సూసుకోవాల తవిటయ్యా," అని సావుకారు నిన్ననే అన్నాడు. రాత్రంతా ఆలోచించి సైకిలు మార్చెయ్యాలనుకున్నాడు.

మధ్యాహ్నం గొడౌన్లోని వేలాడే స్ప్రింగు కాటా సంచిలో వేసుకుని, పాత సైకిళ్లమ్మే అప్పయ్య దుకాణానికి వెళ్లాడు. అప్పయ్య ఒక ఎర్ర సైకిలు బయటికి తీశాడు. సన్న టైర్లు, గేర్లు లేవు, మడ్‌గార్డులు కూడా లేవు.

"గేర్లదైతే నీ డబ్బులకి రాదన్నా. వచ్చినా రిపేర్లకే సరిపోద్ది. ఇది అల్యూమినం. పదకొండు కిలోలే."

"నోటితో తూసీకు," అంటూ తవిటయ్య కాటాను దూలానికి కట్టి సైకిలును కొక్కేనికి తగిలించాడు.

"సేపని తూసినట్టు తూస్తన్నావేటన్నా?"

"సేపైనా సైకిలైనా కాటాకొకటే."

ముల్లు ఊగి ఊగి పన్నెండు దగ్గర నిలబడింది.

"పదకొండన్నావు?"

"కంపెనీవోడు పెడల్లు ఇప్పేసి తూస్తాడన్నా," అన్నాడు అప్పయ్య, ఏమాత్రం సిగ్గుపడకుండా.

పాత సైకిలు అప్పయ్యకిచ్చి, పైన నాలుగు వేలిచ్చేటట్టు బేరం కుదిరింది. అప్పుడు తవిటయ్య గొంతు తగ్గించి, "పాతదాని కేరియరు దీనికి బిగించు," అన్నాడు.

"దేనికి?"

"మీ వదిన కూకోవాల."

ఆదివారం ఆదివారం భార్య పుణ్యవతిని వెనక కూర్చోబెట్టుకుని కూరల సంతకు వెళ్తాడు. పెళ్లయిన కొత్తలో కుదిరిన ఏర్పాటు. కేరియరు మీద ఆమె తన నీలం చీర ముక్కతో కుట్టిన మెత్త ఉంది. అప్పయ్య బిగించాక తవిటయ్య మళ్లీ తూచాడు. పద్నాలుగు.

ముప్పయ్యేళ్లలో ఏ రైతుకూ ముల్లు మీద అబద్ధం చెప్పనివాడికి ఈరోజు తనకు తానే చెప్పుకోవాలనిపించింది. రెండు కిలోలకేం మునిగిపోతుంది? సైకిలు భుజానికెత్తి చూశాడు. కుట్టు సలిపింది.

"ఇప్పీ," అన్నాడు, కేరియరు వైపు చూడకుండా.

సాయంత్రం వంతెన దగ్గర ఎర్ర సైకిలును ఎత్తుకుని లెక్క మొదలుపెట్టాడు. ఇరవై దాటింది. ముప్పై దాటింది. నలభై రెండో మెట్టు మీద నిలబడితే రొప్పు లేదు, నొప్పి లేదు. హమ్మయ్య అనుకున్నాడు. రేపు వేళకే గొడౌను తెరవొచ్చు. కానీ పుణ్యవతికి ఏం చెప్పాలి? దిగేటప్పుడు లెక్క తప్పిపోయింది.

పుణ్యవతి గుమ్మంలో బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి సైకిలు చుట్టూ తిరిగింది.

"కేరియరేదీ?"

చెప్పాడు. ముల్లు ఎక్కడ నిలబడిందో కూడా చెప్పాడు. ఆమె వెనక చక్రం మీది ఖాళీ చోటును చేత్తో తడిమింది.

"నిజం సెప్పీనా?" అంది. "గతుకొచ్చినప్పుడల్లా నడుం ఇరిగిపోయీది. పాపం, పెళ్లాన్ని ఎక్కించుకుని కుశాలగా తొక్కుతన్నాడని ఊరుకున్నాను."

"నాకేటి కుశాల? సంత దగ్గర పడీసరికి పేనం పోయీది. నువ్వు సిన్నబుచ్చుకుంటావని నేనూ అన్నేదు."

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ముప్పయ్యేళ్లు ఒకళ్లకోసం ఒకళ్లు పడ్డ బాధంతా ఉత్తిదేనని తేలాక తవిటయ్యకు కూడా నవ్వు ఆగలేదు.

"ఆదివారం నేను ఆటోలో ఎల్తాను. నువ్వు పక్కన తొక్కుకుంటా రా," అంది. "ఇన్నేళ్లూ నీ ఈపే సూసినాను. మొకం సూత్తాను."

ఆ పొద్దుగూకేవేళ అప్పయ్య దుకాణం దగ్గరికి తుక్కు బండి వచ్చి పాత సైకిలును ఎత్తుకుపోయింది. గట్టు మీద కేరియరు ఒక్కటే మిగిలింది, నీలం మెత్త మధ్యలో పుణ్యవతి కూర్చున్న గుంట అలాగే ఉంది.