బోర్లా పడ్డ గుల్లలు

వాన మొదలయ్యేసరికి గంగవ్వ బియ్యం ఏరుతోంది. జూలైలో సూరత్ వాన చెప్పి రాదు కదా! కిటికీ రేకు మీద నాలుగు చినుకులు టపటపమన్నాయో లేదో, మనవరాలి మట్టిగడ్డలు గుర్తొచ్చాయి. చేట అక్కడే వదిలేసి, మోకాళ్లు పట్టుకుంటూ మేడ మెట్లెక్కింది.

ఆ గడ్డల్ని లత వారం రోజులుగా పసిపిల్లల్లా చూసుకుంటోంది. సూరత్ శివారు బమ్రోలిలో వాళ్ల గల్లీ చివర మురికికాలువ పైపుల కోసం నిలువెత్తు గుంత తవ్వారు. గుంత గోడలో మట్టి రంగు రంగులుగా చారలు కట్టి ఉంది. లత వాళ్ల నాన్న సదానందాన్ని బతిమాలి లోపలికి దింపింది, ఒక్కో చారలోంచి ఇటుకంత గడ్డ కోయించింది. మొత్తం ఐదు. ఒక్కోదాని మీద నంబరు రాసి, ఏ వైపు పైకో బాణం గుర్తు వేసి, చీటీ అంటించి ఎండబెట్టింది.

కరోనా వచ్చి తెలుగు బడి మూతబడి ఏడాదిన్నర. తొమ్మిదో తరగతి పిల్లకు చదువంతా నాన్న ఫోనులోనే. ఆ ఫోను పొద్దున్నే సదానందం జేబులో మగ్గాల దగ్గరికి పోయేది, దాంతో పాటే చదువూ పోయేది. ఉండగా ఉండగా పిల్ల నోరు విప్పడమే మానేసింది. “నాకేం వస్తలేదు. అమ్మతోని దారం బాబిన్లు చుట్టనీకె పోత” అని ఒకనాడు తేల్చి చెప్పేసింది. సోమవారం బడి తెరుస్తున్నారనీ, నేల పొరల మీద ఏదైనా చేసి తెమ్మనీ పద్మారాణి టీచర్ కబురు పెట్టాక, ఆ గుంత చూశాక, మళ్లీ బడి మాట ఎత్తింది. అందుకే గంగవ్వకు అవి మట్టిగడ్డల్లా కనిపించలేదు.

గబగబా అట్టపెట్టె తెచ్చి గడ్డల్ని పేర్చింది. ఇక్కడే జరిగింది పొరపాటు. గంగవ్వ ఇరవై రెండేళ్లు కారఖానాలో బట్ట మడతేసింది. ఒక మడత ఇటు, మరో మడత అటు తిప్పి వేస్తేనే బట్ట తాను సాపుగా కూర్చుంటుంది. ఆ చేతులకు అదొక్కటే తెలుసు. ఒక గడ్డ వెల్లకిలా, ఒక గడ్డ బోర్లా పెట్టి, అంచులు సరిచేసి, మురిసిపోతూ కిందికి దింపింది.

లత వచ్చి పెట్టె తెరిచింది. చీటీలు తడిసి అక్షరాలు కారిపోయాయి, నంబర్లూ బాణాలూ చెరిగిపోయాయి. కంగారులో ఐదు గడ్డల్నీ లాగి నేల మీద పెట్టేసింది.

“గిదేంది నానమ్మా? ఏది పైది, ఏది కిందిది? ఎటు తిప్పి పెట్టినవ్?”

“తాను మడతేసినట్టే ఏసిన బిడ్డా. ఒకటిటు, ఒకటటు.”

“చీర బట్ట గాదు నానమ్మా, భూమి!”

మళ్లీ కోసుకొద్దామంటే గుంతను మొన్ననే పూడ్చేశారు.

“సోమారం నేను బడికి పోను. బస్, ఖతం” అని లత గోడ వైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం సదానందం వచ్చి సంగతి విన్నాడు. “అవ్వా, నీ చేతులు జర ఊకుండవా?”

“ఊకుంటే నువ్వు గింత పెరుగుదువా?” అని కసిరింది గానీ, ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు.

ఆదివారం పొద్దున్నే గంగవ్వ పాత పేపరు పరిచి గడ్డల్ని వరసగా పెట్టింది. “లేవే పోరీ. పుస్తకంల ఏమున్నదో చదువు.”

“చదివేదేమున్నది? పాతది కింద, కొత్తది పైన. లోపల దొరికేటివి చూసి ఏ కాలమో చెప్తరు.”

“గంతేనా? అయితే చూద్దాం పా.”

మొదటి గడ్డలో ఇటుక ముక్కలు, గుట్కా ప్యాకెట్టు ముక్క, గులాబి రంగు పాలిస్టర్ పోగు. “గిది అన్నిటికన్న పైది. నేను ఊరిడిసి ఇక్కడికొచ్చిన కొత్తల ఈ గల్లీల మగ్గమే లేకుండె. పోగు యాడికెళ్లి వస్తది?”

లత ఇటు తిరగలేదు గానీ కళ్లు మాత్రం తిప్పింది.

రెండోది బూడిద రంగు, పిండిలా మెత్తన, చెత్త అన్నదే లేదు. “రెండువేల ఆరు వరద. తాపి నది నీళ్లు గుండెల దాంక వచ్చినయ్. నీళ్లు పోయినంక గిదే బురద, ఎండి పలిగింది. చూడు, పగులు పైన వెడల్పు, కిందికి సన్నం. గిట్ల పెట్టు.”

లత లేచి కూర్చుంది.

మూడోదాంట్లో నల్లమట్టి మధ్య సన్నటి తెల్ల గీత. గంగవ్వ దాన్ని గోటితో గీకింది. “ప్లేగొచ్చిన ఏడు, తొంబై నాలుగు! సగం ఊరు రైలెక్కింది. గల్లీ గల్లీకి తెల్లపొడి చల్లిండ్రు. మీ నాయిన చిన్నోడు, దాంతోని ముగ్గేస్తే నాలుగు తగిలిచ్చిన.”

“అప్పుడు గూడ మాస్కులా?”

“ముక్కుకు దస్తీలు కట్టుకున్నం. మల్ల పోయినోళ్లంత వచ్చిండ్రు, బడులు తెరిసిండ్రు. మీ నాయిన ఏడ్సుకుంట పోయిండు.”

లత నవ్వు ఆపుకోలేకపోయింది. నాలుగోదాంట్లో కుళ్లిన మొక్కల వేళ్లు. గంగవ్వ వచ్చినప్పుడు ఈ గల్లీ జొన్నచేను. వేళ్లు సన్నబడే వైపు కిందికి పెట్టారు.

ఐదోది ఇసుక. నిండా బొటనగోరంత గుల్లల చిప్పలు. గంగవ్వ అటూ ఇటూ తిప్పి చూసింది. “గిది నాకెర్కలేదు బిడ్డా. నాకన్న ముందటిది.”

“అయితే అన్నిటికన్న కింద,” అంది లత. “మన జిల్లాలనే తడకేశ్వర్ దిక్కు రాళ్లల్ల గూడ గుల్లలుంటయట. ఐదు కోట్ల ఏండ్ల కింద అక్కడ సముద్రముండెనట. గివి అంత పాతయి గావు గని, నీళ్లు పారినట్టు మాత్రం పక్కా.”

“సముద్రమా! మన దిక్కా?” గంగవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

కానీ ఆ గడ్డకు ఏ వైపు పైకి? రెండు వైపులా ఒకేలా ఉన్నాయి. చిప్పలన్నీ మాత్రం ఒకే వైపుకు తిరిగి ఉన్నాయి. కప్పులా వెల్లకిలా ఉండడమే సరి అని లత అలా పెట్టేసింది. గంగవ్వ సరే అనబోయి ఆగింది.

“ఉండు. వరద తీసినంక నేను తలుపు తెరిస్తే, గిన్నెలన్ని బురదల ఉన్నయి. ఒక్కటంటే ఒక్కటి వెల్లకిల లేదు. అన్ని బోర్లనే.”

ఇద్దరూ గిన్నెలు తోమే చోటికి పోయారు. కింద ఇసుక పోసి, గడ్డలోంచి రాలిన నాలుగు చిప్పల్ని వెల్లకిలా పెట్టి, బకెట్టు వంచి నీళ్లు పారించారు. చిప్పలు ఊగాయి, జరిగాయి, ఒక్కొక్కటే తిరగబడ్డాయి. బోర్లా పడ్డాక మళ్లీ లేవలేదు. లత మూడుసార్లు చేసి చూసింది. నాలుగోసారి పక్కింటి బాలవ్వను పిలిచి మరీ చూపించింది. తర్వాత చిప్పలు బోర్లా ఉండేలా గడ్డను తిప్పి, కొత్త బాణం వేసింది.

సోమవారం బడి గేటు దగ్గర పద్మారాణి టీచర్ మాస్కు పెట్టుకుని, ఒక్కొక్కరి నుదుటి దగ్గర జ్వరం చూసే మిషన్ పెడుతోంది. లత చేతిలోని పెట్టె చూసి టీచర్ అడిగింది.

“తీసినప్పుడే నంబర్లు వేశావా లతా?”

తోడొచ్చిన గంగవ్వ మనవరాలి వైపు చూసింది. అవునని ఊరుకుంటే అక్కడితో అయిపోయేదే.

“వేసిన టీచర్. వానకు పోయినయి, గడ్డలు కలిసిపోయినయి. మళ్ల పేర్చినం.”

“మరి ఇదే వరస అని నీకెట్లా తెలుసు?”

లత మొదలుపెట్టింది. పోగు, బురద, తెల్ల గీత, వేళ్లు. ఏడాదిన్నరగా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారే తోసుకొస్తున్నట్టు చెప్పింది. గుల్లల దగ్గరికొచ్చేసరికి వెనక నిలబడ్డ పిల్లల వరస పెరిగి గేటు దాటి రోడ్డెక్కింది. టీచర్ మిషన్ సంగతే మరిచిపోయింది.

“ఈ గుల్లలు ఎన్నేళ్లవో నాకూ తెలియదమ్మా,” అందామె. “తెలిసినవాళ్లను అడుగుదాం. ముందు లోపలికి రా, బోర్డు దగ్గర అందరికీ చెప్పు.”

లత వెనక్కి చూడకుండా లోపలికి పోయింది.

“బా, హవే ఘరే జావో,” గుజరాతీలో ఇంటికి పొమ్మన్నాడు వాచ్‌మన్.

“పోతన్న నాయినా” అంటూనే గంగవ్వ గోడ పక్కన నిలబడింది. కాసేపటికి కిటికీలోంచి లత తల బయటికొచ్చింది.

“నానమ్మా! ప్లేగు ఏ నెలల వచ్చింది? టీచర్ అడుగుతుంది!”

“గణపతిని నీళ్లల్ల ఏసినంక!” అని గంగవ్వ గల్లీ అంతా వినేలా అరిచింది.