అంచున పడ్డ గుంట

పొద్దున్నే లేచి ఇస్త్రీ ఆయన ముందు ఇంట్లో పరుపుకి ఇస్త్రీ చేసేవాడు. ఊళ్ళోవాళ్ళ బట్టలన్నీ ఆ తర్వాతే. భార్యని ఎత్తి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటి లాగేసి, పాత గుడ్డ పరిచి దాని మీద వేడి పెట్టె జరుపుతుంటే పరుపులోంచి ఆవిరి లేచేది. గది నిండా బూజు వాసన. ఆ ఊరి గాలే అంత. డబ్బాలో ఉప్పు నీరు కారేది, తలుపులు ఉబ్బి మూసుకునేవి కావు, ఆయన మడతపెట్టి ఇచ్చిన చొక్కా ఇల్లు చేరేలోపు మెత్తబడిపోయేది. జీవితమంతా చెమ్మతో దెబ్బలాడాడు గానీ ఒక్కరోజూ గెలిచింది లేదు.

"దానికి ఇస్త్రీ చేసి ఏ పెళ్ళికి తీసుకెళ్తారు?" అనేది భార్య. నడుము కింద ఆమెకి స్పర్శ పోయి చాలాకాలమైంది. నోటికి మాత్రం ఏ లోటూ రాలేదు.

ఆ స్పాంజి పరుపు మధ్యలో కుంగి తొట్టిలా తయారైంది. ఆమె ఆ తొట్టిలో పడి ఉండేది. చెమటా చెమ్మా కింద నిలిచిపోయి వీపంతా పుండ్లు పడ్డాయి. ఆయన అంచున ఒత్తుకుని, ఒక చెయ్యి ఆమె మీద వేసి పడుకునేవాడు. మధ్యమధ్యలో లేచి ఆమెని పక్కకి తిప్పాలి కదా. పుండ్లు కడగడానికి వచ్చే నర్సమ్మ ఒకరోజు మొహమాటం లేకుండా చెప్పేసింది.

"మందులు రాసినంత మాత్రాన ఇవి మానవు బాబాయ్. పరుపు మార్చండి. ఒంటిని మొయ్యాలి, గాలి ఆడాలి. ఇలాగే వదిలేస్తే విషం రక్తంలోకి ఎక్కుతుంది. అప్పుడు నన్ను పిలిచినా లాభం లేదు."

మర్నాడే కొట్టు మూసేసి, భార్యని కుర్చీలో తోసుకుంటూ పరుపుల కొట్టుకి వెళ్ళాడు. ఆ కొట్టు ఆవిడని ఊరంతా పరుపులక్క అనేది. ఎవరు ఏది కొన్నా ఒకసారి పడుకుని చూడనిదే ఇచ్చేది కాదు. కొత్త పరుపు మీద మొదటిసారి ఒళ్ళు వాల్చి లేస్తే, ఆ మనిషి దాని మీద గడపబోయే కాలమంతా గుంటగా కనపడేది. కాసేపుండి మళ్ళీ పొంగి చదునయ్యేది. బెత్తెడు దిగితే నిండు నూరేళ్ళ లెక్క, గోరు లోతు దిగితే ఒక వానాకాలం. తన వీపు తనకి కనపడదు కదా, అలాగే తన గుంట తను చూసుకోకూడదని అక్కడి పద్ధతి. ఇంటివాళ్ళే చూసి చెప్పాలి.

"ఏది చూపించమంటావు తమ్ముడూ?" అంది పరుపులక్క. "దూది ఈ చెమ్మకి ఉండలు కడుతుంది. స్ప్రింగులు తుప్పు పట్టి పిల్లికూనల్లా అరుస్తాయి. స్పాంజి సంగతి నీకు నేను చెప్పాలా?"

"అన్నీ చూపించక్కా," అన్నాడు.

దూది పరుపు మీద భార్యని పడుకోబెట్టి ఎత్తాడు. చదునుగా ఉంది. స్ప్రింగు పరుపు చదును. పీచు పరుపూ అంతే, మనిషి పడుకున్న ఆనవాలే లేదు. ఆయన అరచేత్తో మళ్ళీ తడిమి చూశాడు.

"ఎలా ఉంది?" అందామె గోడవైపు తిరిగి.

"నీకు నప్పలేదు. ఇంకోటి చూద్దాం."

చివరికి పరుపులక్క రబ్బరు పాలతో చేసిన పరుపొకటి దించింది. ఒళ్ళంతా చిల్లులు. "గాలి ఇటునుంచి అటు పోతుంది. నొక్కి చూడు, బండలా ఉండదు, అలాగని కుంగదు."

ఈసారి ఎత్తి చూస్తే గుంట ఉంది. గోరు లోతు. మరోసారి వేలు పెట్టి చూశాడు, అంతకు మించి దిగలేదు. ఒక్క వానాకాలం. మిగతా వాటి మీద అదీ లేదు. ఆయనకి ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి.

"ఎంతండీ?" అందామె.

"బెత్తెడు," అన్నాడు.

"బెత్తెడే! అంతకాలం మిమ్మల్ని వేపుకు తింటానన్నమాట."

పరుపులక్క తల వంచుకుని, విడిపోని కుట్టు ఒకటి వెతికి బిగించడం మొదలుపెట్టింది. కాసేపటికి, "జంట పరుపు కదా, నువ్వూ పడుకో తమ్ముడూ," అంది. అప్పటికి ఆమె గుంట పొంగి చదునైంది. అలవాటు కొద్దీ ఆయన అంచున ఒత్తుకుని పడుకున్నాడు, చెయ్యి మధ్యకి చాచి. లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఇప్పుడు చూడాల్సింది ఇల్లాలు.

ఆమె చూసింది. అంచున దాదాపు బెత్తెడు దిగిన గుంట. దాన్నుంచి మధ్యకి చాచిన చేతి గుంట, అదీ అంతే లోతు. ఆ చెయ్యి తన మీద ఉంటే పరుపు మీద గుర్తు పడదు. అంటే అక్కడ తను లేదు. ఈ పిచ్చిమనిషి ఏళ్ళకేళ్ళు ఆ కొస మీదే వేలాడుతూ, ఖాళీ మీద చెయ్యి వేసుకుని బతకబోతున్నాడు.

"ఎంత?" అన్నాడాయన.

"బెత్తెడే. నాకెంతో మీకూ అంతే."

"అయితే ఇదే తీసుకుందాం."

ఇంటికొచ్చిన రోజే ఆమె పేచీ పెట్టింది. "నేను గోడవైపు పడుకుంటాను. మీరు మధ్యకి రండి."

"నిన్ను తిప్పద్దూ?"

"మధ్యలోంచి తిప్పండి. పరుపు ఆ మాత్రం ఓర్చుకుంటుంది."

రోజూ అదే గొడవ. "ఇంకా జరగండి. అంచున ఏముంది, నిధి ఉందా? చెయ్యి మీ గుండెల మీద పెట్టుకోండి, నాకు ఉక్కపోస్తోంది." నిద్రలో ఆయన అంచుకి జారితే చొక్కా పట్టి లాగేది. చాదస్తం ముదిరిందనుకుంటూనే మధ్యకి జరిగేవాడు. పుండ్లు ఎండాయి. నర్సమ్మ చూసి ఆశ్చర్యపోయింది. బయట వాన, లోపల ఆమె నస. ఆయన ఒక్క వానచినుకూ తగ్గకూడదని కోరుకుంటూ ఊళ్ళోవాళ్ళ తడి బట్టలకి ఇస్త్రీ చేశాడు.

వానలు వెనకపట్టాయి. మబ్బు విడి మొదటిసారి ఎండ కాసిన మధ్యాహ్నం, చక్రాల కుర్చీ గుమ్మం దగ్గరికి తోయమని అడిగి, అక్కడే పోయింది.

అందరూ వెళ్ళిపోయాక ఆయన పాత అలవాటుగా అంచున పడుకోబోయాడు. అంచు పలకలా పొంగి ఉంది, ఒంటిని నిలవనివ్వలేదు. దొర్లి మధ్యలో పడ్డాడు. అక్కడ ఆయన కొలతకి గుంట సిద్ధంగా ఉంది. ఆమె పట్టి లాగి లాగి చేయించిన గుంట. కొట్టులో ఆమె ఏం చూసిందో ఆయనకి అప్పుడు తెలిసింది. పరుపు చూపించింది తప్పడం ఆ ఊళ్ళో అదే మొదలు. గోడవైపు తడిమితే గోరు లోతు జాడ ఇంకా ఉంది, చేతి కిందే పొంగిపోతోంది. చెయ్యి వెనక్కి తీసుకుని, ఆమె చెప్పినట్టే గుండెల మీద పెట్టుకున్నాడు.

తెల్లారి లేచి, దుప్పటి లాగి, పాత గుడ్డ పరిచి, పెట్టె వేడి చేసుకుని వచ్చాడు. పరుపు పొడిగా ఉంది. దానికి ఇస్త్రీ అక్కర్లేదు.