మద్దమ్మ తీర్చిన మొక్కు

చౌడప్ప ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి ఆరు నెలలైంది. మూత్రసంచి కింద రాచపుండు లేచిందని కర్నూలులో దొర డాక్టరు కోసి తీసేశాడు. ప్రాణం దక్కింది. అయితే వచ్చిన నాటి నుంచి ఆయన మగ్గం గుంట పక్కనే చాప పరుచుకుంటున్నాడు. భార్య మద్దమ్మ అడిగితే ఒకటే మాట.

"అహోబిలం నరసింహునికి మొక్కుకున్యానే. కొండకు పోయి వచ్చేదాకా నిన్ను ముట్టుకోకూడదు."

మొక్కంటే మొక్కే. నూలు చుట్టిన కండె కూడా ఆయన చేతికివ్వక, గుంట గట్టున పెట్టి తప్పుకునేది మద్దమ్మ. కానీ చౌడప్ప కొండకు కదలడే! ఈ పడుగు అయిపోనీ అంటాడు, ఎండలు తగ్గనీ అంటాడు. నలభై దాటిన దానికి ఈ ఆరాటమేమిటని ఆమెకే సిగ్గు. తానంటే ఆయనకు వెగటు పుట్టిందేమో! ఆ దిగులు ఎవరితో చెప్పుకునేది?

పక్కింటి సుంకమ్మ ఊరుకుంటుందా? "ఏమక్కా, మీ ఆయప్ప మగ్గాన్నే పెండ్లాడినాడా?" అని నవ్వింది. మొక్కు సంగతి విని జాలిపడి, "ఆలుమగల్లో ఒకరి మొక్కు ఇంకొకరు తీర్చొచ్చులే. ఆయప్ప పంచె ఒకటి తీస్కపో, సాలు" అంది.

మద్దమ్మ పుట్టింటికని చెప్పి, సుంకమ్మను తోడు తీసుకుని, వట్టి కాళ్లతో రెండు రోజులు నడిచింది. మొగుని పంచె కొండ కింది భవనాశి ఏట్లో ముంచి, ఆ తడిగుడ్డ నెత్తిన పెట్టుకుని కొండెక్కింది. అయిదోనాటి పొద్దున ఇంటికొచ్చి ప్రసాదం ఆయన ముందు పెట్టింది.

"నీ మొక్కు తీర్చేసినా. ఇంక లోపల పండుకోవచ్చు."

చౌడప్ప ముఖంలో నెత్తురు లేదు. ప్రసాదానికి చెయ్యి చాపలేదు.

"ఏ మొక్కూ లేదు మే. కోసినాక మగతనం పోయింది. ఏడాదికో రెండేండ్లకో వస్తే రావచ్చు, లేకుంటే లేదన్యాడు డాక్టరు. నీకెట్ల చెప్పేది?"

"దేవుని పేరు చెప్పేకి వచ్చిన నోరు, నాకు నిజం చెప్పేకి రాలేదా?" మద్దమ్మ గోడకు చేరగిలబడింది. "నన్ను జూస్తే రోత పుట్టిందేమో అనుకుంటి కదయ్యా! పోయింది ఒకటైతే, చేతులు గూడా పాయెనా నీకు? పక్కన కూసోని ఒక మాట చెప్పేకి ఏం తెగులు?"

చౌడప్ప లోపలికి పోయి ముంతతో వేణ్ణీళ్లు తెచ్చాడు. ఆమె ఎదుట కూర్చుని కాలు దగ్గరికి లాక్కున్నాడు.

"మొగోనివి, నా కాళ్లు పట్టుకుంటావా? పాపం చుట్టుకుంటాది, ఇడువ్!"

ఆయన విడవలేదు. బొబ్బలు పగిలిన చోట నీళ్లు పోసి తుడుస్తూ, తల ఎత్తకుండా అడిగాడు.

"ఎప్పటికీ రాకుంటే?"

వస్తుందిలే అన్న మాట మద్దమ్మ నాలిక చివరిదాకా వచ్చింది. ఒక అబద్ధాన్ని ఆరు నెలలు నమ్మి, కొండదాకా మోసుకుపోయి వచ్చిన మనిషి. ఇంకొకటి ఎత్తుకోలేకపోయింది.

"నాకేం తెలుసు?" అంది.

ఆయన చేతులు ఆగిపోయాయి. కాలు మాత్రం వదల్లేదు.